సొట్ట ఉంచిన కాంటెస్సా

చోక్ సగం లాగి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి వదిలి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. తొందరపడితే ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగి మొరాయిస్తుంది. తండ్రి నేర్పిన ఆ వరసనే పదిహేడేళ్ల తర్వాత అదే సీట్లో కూర్చుని మళ్లీ పాటించాడాయన. ఆళ్లగడ్డలో ఇంకా మసకగానే ఉంది. బండి మొదటిసారి గొణిగి ఊరుకుంది. రెండోసారి అందుకుంది. సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ ఒక్కసారి ఎగజిమ్మి, పలచబడి, కాసేపటికి కనిపించకుండా పోయింది. వెనక సీట్లో ఉన్న టింకరింగ్ భాయ్, ఇంజన్ తన పని కాకపోయినా, కిటికీలోంచి తల బయటపెట్టి ఆ పొగనే చూస్తున్నాడు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లగా వచ్చి ఆగిపోతే అది రాత్రి చలికి పట్టిన చెమ్మ మాత్రమే.

"బాగుంది సార్. పోనీయండి."

బండి 1990 నాటి కాంటెస్సా క్లాసిక్. ముందు సీట్లో ఆయన పక్కన కూతురు. గమ్యం మహానంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల నలభై కిలోమీటర్లు, అక్కణ్ణుంచి మహానంది ఇంకో పదిహేను. కొత్త బండి కొంటే పూజకు మహానందికో అహోబిలానికో తీసుకుపోవడం ఈ చుట్టుపక్కల ఇళ్లలో మామూలే. ఈ కాంటెస్సా కొన్నప్పుడు మొదట పోయింది మహానందికే. పద్నాలుగు నెలలు షెడ్డులో విప్పదీసి బిగించిన తర్వాత మళ్లీ మొదటి దారి అదే కావాలని ఇంట్లో అందరూ అనుకున్నారు.

ఊరు దాటకముందే రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు వస్తాయి. ఆళ్లగడ్డ పేరు చెబితే దేవాలయాలు కట్టేవాళ్లకు గుర్తొచ్చేది ఇదే. నల్లరాతి వినాయకులు, సగం చెక్కిన నందులు, ఇంకా ముఖం తేలని అమ్మవార్లు, అన్నిటి మీదా బూడిద రంగు రాతి దుమ్ము. ఉలి చప్పుడుకు తోడు ఇప్పుడు కోత మిషన్ల రొద కూడా ఉంది. టీ కోసం అక్కడ ఆగితే ఒక పెద్ద శిల్పి బండి చుట్టూ తిరిగి, బానెట్ మీద అరచేయి ఆనించి చూశాడు.

"మీ పని నయమప్పా. ఒక రేకు పోతే ఇంకో రేకు అతుకుతారు. మాకట్లా కాదు. ముక్కు దగ్గర చెక్కు లేచిందంటే ఆ రాయి పక్కనపెట్టాల్సిందే."

ఆయన చెప్పింది ఆగమాల మాట. గర్భగుడిలో పూజలందుకునే విగ్రహం భిన్నమైతే దానికి పూజ ఉండదు, కొత్తది చెక్కించి ప్రతిష్ఠ చేయాలి. గుడికి మాత్రం అలా కాదు. గోడ పగిలితే కడతారు, కప్పు కారితే మారుస్తారు, గోపురం కూలితే మళ్లీ లేపుతారు. దానికి మనకు ఎప్పటినుంచో ఒక మాట ఉంది, జీర్ణోద్ధరణ. పాత కార్లను బాగుచేసే పనికి తెలుగులో స్థిరపడిన పేరేదీ లేదు. షెడ్డుల్లో 'ఫుల్ రెడీ చేయడం' అంటారు. జీర్ణోద్ధరణ అనడమే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే రెండు పనుల్లోనూ చివరికి తేల్చుకోవాల్సింది ఒకటే. ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు?

కాంటెస్సా కథ తెలిస్తే ఆ ప్రశ్న ఎంత కష్టమైనదో అర్థమవుతుంది. దీన్ని పోల్చేది అమెరికా మజిల్ కార్లతో. అక్కడ ఆ ఒరవడి 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో మొదలైందని ఎక్కువమంది చెబుతారు. ఒక మధ్యరకం కారులో 6.4 లీటర్ల వి8 ఇంజన్ పెట్టి, 325 హార్స్‌పవర్‌తో అమ్మారు. మామూలు ఉద్యోగి కొనగలిగే ధరలో రేసు కారంత బలం. పదేళ్లయినా గడవకముందే ఇన్సూరెన్సు ఖర్చులు, పొగ నిబంధనలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఆ ఊపును ఆపేశాయి.

మన దగ్గర జరిగింది దాదాపు తలకిందులు. బ్రిటన్‌లో 1978లో తయారీ ఆగిపోయిన వాక్స్‌హాల్ వీఎక్స్ కారు అచ్చుల్ని హిందుస్థాన్ మోటార్స్ కొని తెచ్చింది. 1984లో కాంటెస్సా పేరుతో మార్కెట్లోకి దింపింది. పొడవాటి బానెట్, నాలుగు గుండ్రటి హెడ్‌లైట్లు, బలమంతా వెనక చక్రాలకే. చూపుకు అచ్చం అమెరికా బండే. లోపల మాత్రం అంబాసిడర్‌లో వాడే 1.5 లీటర్ల ఇంజన్, బలం యాభై హార్స్‌పవర్ చుట్టుపక్కల. అంత ఒంటిని లాగలేక అది ఆయాసపడేది. తర్వాత జపాన్ కంపెనీ ఇసుజుతో ఒప్పందం కుదిరి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్, ఐదు గేర్లు వచ్చాక బండికి తగిన ఊపిరి దొరికింది. దాదాపు 88 హార్స్‌పవర్. ఈనాటి లెక్కలో అది గొప్ప సంఖ్య కాదు. కానీ 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి, 796 సీసీ ఇంజన్‌తో దేశమంతా తిరుగుతున్న రోజులవి. వాటి మధ్య ఇది ఏనుగే. తెలుగు సినిమాలో విలన్ దిగాలన్నా, జిల్లాలో మంత్రి దిగాలన్నా ఈ బండే. అందుకే పాత కార్ల ప్రేమికులు ఇప్పటికీ దీన్ని భారతదేశపు మజిల్ కార్ అని పిలుచుకుంటారు. ఆ పేరు దీనికి దక్కాల్సిందే. బలాన్ని సీసీల్లో కాకుండా, ఒక కాలపు రోడ్ల మీద కొలిస్తే.

సిరివెళ్ల దాటాక ఎండ ఎక్కింది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, అందులో కేసీ కాలువ నీళ్లు పారే పొలాలు. ఒకప్పుడు 18వ నంబరు హైవే, ఇప్పుడు 40వది, నాలుగు వరసలు. కొత్త బండ్లు వంద మీద దూసుకుపోతుంటే కాంటెస్సా ముల్లు అరవై దాటడం లేదు. కారణం భయం కాదు. సిలిండర్లు కొత్తగా బోర్ చేసి, పెద్ద సైజు పిస్టన్లు వేశారు. రింగులు గోడలకు సర్దుకునే దాకా, మొదటి వెయ్యి కిలోమీటర్లు, తొందరపెట్టకూడదు. కూతురు మాత్రం ప్రతి ఐదు నిమిషాలకూ టెంపరేచర్ ముల్లు వంక చూస్తోంది.

"నాన్నా, సగం దాటింది."

"సగం దాటితే ఏం కాదు పాపా. ముప్పావుకు వస్తే చెప్పు."

తండ్రి పోయాక 2008లో ఈ బండి మీద టార్పాలిన్ కప్పేశారు. ఎప్పుడైనా బయటికి తీస్తామన్న ఆశ ఎవరికీ పెద్దగా లేదు, అమ్మే ఆలోచనా రాలేదు. కొట్టం పక్కన ఎలుకలు వైర్లు కొరికాయి, వానలకు చెమ్మ కింది రేకుల్లోకి పాకింది. బండిని షెడ్డుకు తోసుకొచ్చి కార్పెట్ తీస్తే డ్రైవర్ కాళ్ల కింద నేల కనిపించింది. తుప్పు గురించి తెలియనివాళ్లు పైన రంగు చూసి మోసపోతారు. అసలు రోగం తలుపుల కింద, చక్రాల కమానుల లోపల, నీళ్లు నిలిచే ప్రతి మూలలో ఉంటుంది. భాయ్ అక్కడంతా సుత్తితో తట్టుకుంటూ పోయాడు. గట్టి రేకు గణగణమంది, తిన్న రేకు మెత్తగా మూలిగింది. మూలిగిన చోటల్లా సుద్దముక్కతో గీశాడు. సాయంత్రానికి బండి కింది భాగం సగం తెల్లబడింది.

ఆ రేకులన్నీ కోసి, కొత్త రేకును చేత్తో వంచి, అంగుళం అంగుళం వెల్డింగ్ పెట్టారు. ఒకే చోట ఎక్కువసేపు పెడితే వేడికి రేకు వంకర తిరుగుతుంది కాబట్టి ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ. ఆ తర్వాత ప్రైమర్, పుట్టి, వాటర్ పేపర్‌తో రుద్దడం, మళ్లీ ప్రైమర్, మళ్లీ రుద్దడం. రంగు కొట్టడం రెండు రోజుల పని. దాని కింద ఉండాల్సిన నునుపు కోసం రెండు నెలలు పట్టింది.

ఇంజన్ కన్నా విడిభాగాలు ఎక్కువ ఏడిపించాయి. అమెరికాలో 1960ల నాటి మస్టాంగ్‌కు కావాలంటే బోల్టు దగ్గర్నుంచి మొత్తం బాడీ దాకా కొత్తగా తయారుచేసి అమ్మేవాళ్లున్నారు. కాంటెస్సా తయారీ 2002లో ఆగింది. దాన్ని చేసిన పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీ 2014 మే 24న పని ఆపేసింది. ముందు అద్దం చుట్టూ వేసే రబ్బరు బీడింగ్ కోసం కూతురు ఫోన్లో వెతికి వెతికి ఐదు ఊళ్ల మెకానిక్‌లతో పరిచయం పెంచుకుంది. దొరకనివాటిని చేయించుకున్నారు. బుష్‌లు లేత్ మీద తిప్పించారు, తలుపు పిడి అచ్చు తీసి పోత పోయించారు. ఎడమవైపు వెనక లైటు అద్దం మాత్రం ఎక్కడా దొరకలేదు. దాని స్థానంలో ప్రస్తుతానికి ఒక ఎర్ర ప్లాస్టిక్ ముక్క కోసి అంటించి ఉంది. వెనక నుంచి చూస్తే ఒక కన్నుకు కట్టు కట్టినట్టుంటుంది.

పాత పెట్రోలు బండి బయటికి తీసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ముప్పై అయిదేళ్ల కిందటి రబ్బరు పైపులు, కార్బొరేటర్ లోపలి గ్యాస్కెట్లు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కారుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకు లోపల తుప్పుకు అదే నాంది. అందుకే పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకం వేశారు, పంపు లోపలి డయాఫ్రమ్ మార్చారు. బయటికి కనిపించని ఈ ఖర్చుకు చాలామంది వెనకాడతారు. ప్రాణాల మీదికి తెచ్చేది ఆ కనిపించని పైపే.

కాగితాల పని వేరే కథ. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండి చూపించి పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే ఆ ఫీజును 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో వింటేజ్ బండ్లకు 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇచ్చే ఏర్పాటుంది. అయితే బండి యాభై ఏళ్లు దాటి ఉండాలి, రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. మొట్టమొదటి కాంటెస్సాలకే 2034 దాకా ఆ అర్హత రాదు. ఈ బండి 2040 దాకా ఆగాలి. అప్పటిదాకా అది చట్టం దృష్టిలో పాత కారు, అంతే.

నంద్యాల పొలిమేరలో ఫ్లెక్సీలు మొదలయ్యాయి. ఈ ఊరికీ, ఈ బండికీ ఒక లంకె ఉంది. 1991లో ప్రధాని అయ్యాక పి.వి. నరసింహారావు పార్లమెంటుకు ఎన్నికైంది నంద్యాల ఉప ఎన్నికలోనే. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్.టి. రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. మెజారిటీ ఐదు లక్షల ఎనభై వేలు దాటింది. ఆ ప్రభుత్వమే పరిశ్రమల లైసెన్సుల్ని చాలావరకు ఎత్తేసింది, 1993లో కార్ల తయారీకి కూడా. ఆ తర్వాత మారుతి ఎస్టీమ్, దేవూ సియెలో, ఒపెల్ ఆస్ట్రా వరసగా వచ్చాయి. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే ఆ బండ్ల ముందు, లీటరుకు పది కిలోమీటర్లు రావడమే కష్టమైన కాంటెస్సా నిలవలేకపోయింది. ఉప ఎన్నికలప్పుడు తండ్రి ఈ బండిలో ఊరూరా తిరిగాడని ఆయన గుర్తుచేసుకున్నాడు. తన బండి రోజులు లెక్కపెట్టించే మార్పుకు తండ్రి ఓటేశాడన్నమాట. ఆ మార్పు దేశానికి అవసరమే. అయినా ఒక కాలపు యంత్రాలు అంత త్వరగా మాయమైపోవడం బాధగానే ఉంటుంది.

బోరింగ్ చేసిన లేత్ షాపు ముందు బండి ఆపారు. మేస్త్రి బయటికొచ్చి పలకరించడానికి ముందే పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఒక చోట, ఇంకో చోట, మూడో చోట. ముఖంలో ఏమీ కనిపించలేదు. రేడియేటర్ మూత దగ్గర గుడ్డ వేసి ముట్టుకుని, ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కి చూసి, అర అంగుళం బిగించాడు.

"బెల్టు జారుతాంది. అందుకే వేడి. ఇంక ముల్లు చూడాల్సిన పని లేదు పాపా."

ఆ తర్వాత కూడా కూతురు చూస్తూనే ఉంది.

నంద్యాల చుట్టూ నవ నందులున్నాయి. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఊళ్లోనే. శివ, సూర్య, విష్ణు నందులు మహానంది వైపు దారుల్లో. గరుడ, వినాయక నందులు మహానంది దగ్గర. తొమ్మిదో చోటు మహానందే. నంది అంటే శివుడి వాహనం. కార్తీక మాసంలో ఒక్క రోజులో తొమ్మిదీ చుట్టివచ్చే భక్తులు ఇప్పటికీ ఉన్నారు. తండ్రి ఉన్న రోజుల్లో ఆ చుట్టు తిరగడానికి బంధువులంతా ఈ బండిలోనే సర్దుకునేవారు, ముందు ముగ్గురు, వెనక ఐదుగురు, ఒళ్లో పిల్లలు.

నల్లమల దగ్గరయ్యే కొద్దీ గాలి మారుతుంది. అరటి తోటలు రోడ్డు మీదికి ఒరిగి ఉంటాయి. ఆ పచ్చదనానికి కారణం గుడిలో ఉంది. గర్భగుడి కింద నుంచి ఊరే నీరు కోనేటిలోకి చేరుతుంది. లోతు ఐదడుగుల చుట్టుపక్కల, అడుగున వేసిన నాణెం మీది బొమ్మ కనిపించేంత తేట. మండు వేసవిలోనూ మట్టం తగ్గదు. పొంగి బయటికి పోయే నీరు చుట్టుపక్కల రెండు వేల ఎకరాలదాకా తడుపుతుందని చెబుతారు.

గుడి కూడా ఒక్కసారి కట్టింది కాదు. గర్భగుడి మీది విమానం బాదామి చాళుక్యుల పద్ధతిలో, అలంపురం గుళ్లను గుర్తుచేస్తూ ఏడో శతాబ్దపు పోలికలతో ఉంటుంది. గోపురాలు విజయనగర కాలపు పద్ధతిలోవి. పదో శతాబ్దపు శాసనాలే ఈ గుడికి మరమ్మతులు, పునర్నిర్మాణాలు జరిగిన సంగతి చెబుతున్నాయి. ప్రతి కాలమూ తనకు చేతనైంది చేర్చింది, పాత విమానాన్ని మాత్రం ఎవరూ మార్చి తమ కాలపు పద్ధతిలో కట్టలేదు.

లోపల లింగం అన్ని శివాలయాల్లో లాగా నున్నగా నిలబడి ఉండదు. పైన అణిగినట్టుంటుంది. దానికి స్థలపురాణంలో కథ ఉంది. ఒక గోపాలుడు మందలోని ఆవు పాలివ్వడం లేదని వెంట వెళ్లి చూస్తే, అది పుట్ట మీద నిలబడి పాలు విడుస్తోంది. పుట్టలోంచి బాలశివుడు ఆ పాలు తాగుతున్నాడు. విషయం తెలిసి రాజు చూడ్డానికి వచ్చేసరికి ఆవు బెదిరి పుట్టను తొక్కేసింది. ఆ గిట్ట గుర్తుతోనే పుట్ట రాయి అయిందంటారు. ఆళ్లగడ్డ శిల్పి చెప్పిన నియమం ఇక్కడ లింగానికి వర్తించదు. గుర్తు పడిన రాయే మూలమూర్తి. తరతరాలుగా దాని మీదే పాలు పోస్తున్నారు.

బయట బండికి పూజ మొదలైంది. పూజారి నాలుగు హెడ్‌లైట్ల మధ్య పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ అద్ది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. దండ వేసేటప్పుడు పక్కన కొత్త కారుతో నిలబడ్డ కుర్రవాడొకడు కాంటెస్సా చుట్టూ తిరిగి, ఎడమవైపు వెనక చక్రం పైన ఆగాడు. అక్కడ అరచేయంత సొట్ట.

1993లో జరిగిందది. పంతొమ్మిదేళ్ల కొడుకు బండి వెనక్కి తీస్తూ కొట్టం ముందున్న రాతికూసానికి కొట్టాడు. తండ్రి బయటికొచ్చి, సొట్ట మీద చేయి ఆడించి, "ఇంకోసారి అద్దం చూసి తిప్పు" అన్నాడు. బాగుచేయించలేదు. తర్వాత ఎవరైనా అడిగితే "మావాడి సంతకం" అనేవాడు. షెడ్డులో ఈ సొట్ట దగ్గరే వారం రోజులు పని ఆగింది. దీన్ని తీయొద్దని ఆయన, తీయకపోతే తన పేరు పోతుందని భాయ్. పదిమంది ఈ బండి చూస్తారు, సొట్ట వదిలేసిన పనివాడెవరని అడుగుతారు, ఏం చెప్పాలి? భాయ్ బాధ న్యాయమైందే. చివరికి ఒప్పుకున్నాక అతను ఆ అరచేయంత చోటుకు మొత్తం డోరుకంటే ఎక్కువ సమయం పెట్టాడు. సొట్ట అంచుల్లో రంగు పగిలి లోపలికి తుప్పు పట్టింది. రేకు మెరిసేదాకా గీకి, పుట్టి చుక్క కూడా పెట్టకుండా, ఆకారం చెడకుండా, ప్రైమర్ పట్టించి రంగు వేయడం నున్నగా చేయడం కన్నా కష్టం. పుట్టి ఉంటే తప్పులు దాగుతాయి. ఇక్కడ దాచడానికేమీ లేదు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం 1912లో చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. దాని మీద ఒక గీత కూడా లేకుండా ఉండాలనే ఎవరైనా కోరుకుంటారు, అది ఊరేగింపుల బండి. ఆళ్లగడ్డ కాంటెస్సా పత్తి మూటల పక్కన నిలబడింది, పెళ్లిళ్లకు తిరిగింది, ఒక పిల్లవాడికి డ్రైవింగ్ నేర్పింది. అలాంటి బండిని షోరూమ్ నాటికి తీసుకుపోతే మధ్యలో గడిచిన ముప్పై అయిదేళ్లు చెరిపేసినట్టే. ఇంజన్ బోర్ చేసినా, నేల మార్చినా, ఆ సొట్టను ఉంచుకోవడం సరైన పనే.

"భాయ్, ఇది మర్చిపోయినారా?" కుర్రవాడు అడిగాడు.

"మర్చిపోలేదు," అన్నాడు భాయ్. "ఉంచినాము."

కొబ్బరికాయ కొట్టి, బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసి, నిమ్మకాయల మీదుగా బండి కదిలింది. గాజులపల్లె వైపు పోయి నల్లమల ఘాట్ రోడ్డు మొదలు దాకా చూసి రావాలని కూతురికి ఉంది. వెయ్యి కిలోమీటర్లు పూర్తయ్యాక అని ఆయన వాయిదా వేశాడు. అరటి తోటలు దాటుతుండగా ఆమె ఫోను మోగింది. రెండు నిమిషాలు విని, చేయి అడ్డుపెట్టి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, కర్నూలులో ఒక కాంటెస్సాను విప్పుతున్నారంట. వెనక లైటు అద్దం ఉందంట."

"ఎడమదా, కుడిదా?"

"ఎడమదే. సాయంత్రం దాకా పెడతామంటున్నారు."

కర్నూలు అక్కణ్ణుంచి దాదాపు ఎనభై ఐదు కిలోమీటర్లు. ఆయన టెంపరేచర్ ముల్లు చూశాడు, సగానికి కిందే ఉంది. పెట్రోలు ముల్లు చూశాడు. వెనక భాయ్ అప్పటికే తన టూల్స్ సంచి ఒళ్లోకి తీసుకున్నాడు. నంద్యాలలో ఆళ్లగడ్డ దారి వదిలి, బండి పాణ్యం వైపు తిరిగింది, అరవై మీద.